వెలిసిపోని రంగు: ఇంటి బయటి గోడలకు షేడ్ ఎంచుకునే పద్ధతి

మా ఇంటి పడమటి గోడ మీద ఉండే కరెంటు మీటరు పెట్టెను కొన్నేళ్ల కిందట వీధి గేటు పక్కకు మార్చారు. పెట్టె తీసిన చోట అడుగున్నర పొడవున ఒక ముక్క బయటపడింది. అది మేము ఏరి కోరి వేయించుకున్న చిలకపచ్చ. దాని చుట్టూ ఉన్న గోడ మాత్రం పాలిపోయి, ఏ పేరూ పెట్టలేని నీలి ఆకుపచ్చగా మారి ఉంది. రోజూ చూసే గోడ కావడంతో ఆ మార్పు మా కంట పడలేదు. మూడు ఎండాకాలాల్లో ఎంత రంగు పోయిందో ఆ ముక్కను చూశాకే తెలిసింది. మళ్లీ రంగులు వేయించే ముందు ఏ రంగు నిలుస్తుంది, ఏది నిలవదు, ఎందుకు నిలవదు అని దుకాణాల్లో అడిగి, పెయింటర్లతో మాట్లాడి, డాబా మీద చిన్న చిన్న పరీక్షలు చేసి తెలుసుకున్న విషయాలను, అదే ఖర్చు పెట్టబోయే వారికి పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

మొదటగా చేయవలసింది షేడ్ కార్డు తెరవడం కాదు, పాత గోడకు ఏం జరిగిందో గుర్తించడం. మనం అన్నింటినీ కలిపి రంగు వెలిసిపోయింది అంటాం గానీ, అందులో మూడు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఎండ బాగా తగిలే చోట అరచేతిని గోడ మీద గట్టిగా రుద్ది చూడండి. చేతికి సుద్ద లాంటి పొడి అంటితే, రంగును గోడకు పట్టి ఉంచే జిగురు, అంటే బైండర్, ఎండకు చివికిపోయిందని అర్థం. తరువాత అదే చోట చెంబుడు నీళ్లు కొట్టండి. తడిసినంతసేపు పాత రంగు తిరిగి కనిపించి, ఆరగానే మాయమైతే రంగు లోపల ఉన్నట్టే, పైన పేరుకున్న పొడి దాన్ని కప్పేస్తున్నట్టే. తడిపినా పాత రంగు రాకపోతే రంగునిచ్చే పొడి, అంటే పిగ్మెంట్, నశించిపోయినట్టు. మూడోది, గోడ అడుగున గానీ, పిట్టగోడ కింద గానీ తెల్లటి నూగులాగా ఉప్పు పొక్కి ఉంటే అది ఎండ పని కాదు, లోపల చేరిన చెమ్మ పని. మొదటి దానికి మందు మంచి రకం పెయింట్, రెండో దానికి మందు సరైన షేడ్, మూడో దానికి మందు చెమ్మను ఆపడం. ఏ జబ్బో తెలియకుండా ఖరీదైన డబ్బా కొంటే డబ్బు పోవడమే తప్ప ఫలితం ఉండదు.

రంగు పేరు కాదు, రంగు దేనితో తయారైందో చూడాలి

ఇందులోని అసలు సూత్రం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. పసుపు మరక పడిన తెల్ల పంచెను ఉతికి ఎండలో ఆరేస్తే, సబ్బుకు లొంగని మరక కూడా ఒకటి రెండు రోజుల్లో పలచబడిపోతుంది. పసుపులోని రంగు మొక్కలో పుట్టిన కర్బన పదార్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని అణువులను విరిచేస్తాయి. అందుకే గడపకు రాసిన పసుపును మళ్లీ మళ్లీ రాస్తూ ఉండాలి. అదే గోడకు పూసిన జేగురు, తెలంగాణ పల్లెల్లో జాజు అనే ఎర్రమట్టి, వానకు కొట్టుకుపోతే పోవచ్చు గానీ ఎండకు మాత్రం రంగు మారదు. గుడి ప్రాకారాల మీద సున్నపు తెలుపు పక్కన నిలువుగా గీసే కావి పట్టీల సంగతీ అంతే. జేగురులోనూ కావిలోనూ ఎరుపునిచ్చేది ఇనుము తుప్పు, అంటే ఐరన్ ఆక్సైడ్. అది అప్పటికే ఎండా గాలీ తిని స్థిరపడిన పదార్థం కనుక ఎండ దాన్ని కొత్తగా చేసేదేమీ ఉండదు.

నేటి పెయింట్ డబ్బాలోనూ ఈ రెండు జాతులే ఉంటాయి. ఐరన్ ఆక్సైడ్‌తో వచ్చే ఇటుక ఎరుపు, గంధం పసుపు, గోధుమ, నలుపు. క్రోమియం ఆక్సైడ్‌తో వచ్చే మట్టి ఛాయ ఆకుపచ్చ. టైటానియం డయాక్సైడ్‌తో వచ్చే తెలుపు. ఇవి ఖనిజ జాతి, ఎండకు తట్టుకుంటాయి. మసి నుంచి వచ్చే కార్బన్ బ్లాక్ కూడా ఎండకు బాగా నిలుస్తుంది కాబట్టి బూడిద రంగు షేడ్లకు భయం లేదు. రెండో జాతి కర్బన పిగ్మెంట్లు. నిమ్మపండు పసుపు, నారింజ, మెరిసే ఎరుపు, గులాబీ, ఊదా వంటి ఛాయలు ఎక్కువగా వీటి నుంచే వస్తాయి. వీటన్నింటినీ ఒక్క గాటన కట్టడం మాత్రం న్యాయం కాదు. థాలోసయనిన్ అనే నీలం, ఆకుపచ్చ పిగ్మెంట్లు కర్బన జాతివే అయినా ఎండకు చాలా గట్టిగా నిలుస్తాయి. క్వినాక్రిడోన్ అనే ముదురు గులాబీ కూడా ఫరవాలేదు. ముందుగా చేతులెత్తేసేవి ఏజో అనే మరో రకం కర్బన పిగ్మెంట్లలోని చవక పసుపులు, ఎరుపులు.

మా చిలకపచ్చ నీలి ఛాయకు ఎందుకు తిరిగిందో అప్పుడు అర్థమైంది. దుకాణంలో చిలకపచ్చను థాలో ఆకుపచ్చలో, అంటే పైన చెప్పిన థాలోసయనిన్ ఆకుపచ్చలో, పసుపు కలిపి తయారు చేస్తారు. పసుపు ఎండకు పోయింది, ఆకుపచ్చ మిగిలింది. ఆ మిగిలిన దానికి సహజంగానే నీలి ఛాయ ఉంటుంది. కలగలుపు రంగులన్నింటికీ ఈ ప్రమాదం ఉంది. లావెండర్‌లో గులాబీ భాగం పోతే చల్లటి బూడిద నీలం మిగులుతుంది. పీచ్ రంగులో ఎరుపు పోతే అది మాసిన క్రీమ్ అవుతుంది. ఒకే పిగ్మెంట్‌తో తయారైన రంగు వెలిసినా తన ఛాయలోనే పలచబడుతుంది కనుక కంటికి అంత ఎబ్బెట్టుగా ఉండదు. జోడీలో ఒకటి పోయి ఒకటి మిగిలితే మాత్రం గోడ వేరే రంగుకు మారిపోతుంది. అందువల్ల బయటి గోడకు వీలైనంత తక్కువ పిగ్మెంట్లతో తయారయ్యే షేడ్‌నే ఎంచుకోమని నా సలహా.

దీన్ని దుకాణంలో కనుక్కోవడం కష్టమేమీ కాదు. రంగు కలిపే యంత్రం ఉన్న ప్రతి దుకాణంలో షేడ్ కోడ్ కొట్టగానే, ఏ బేస్‌లో, అంటే రంగు కలపని మూల పెయింట్‌లో, ఏ కలరెంట్, అంటే చిక్కటి రంగు ద్రవం, ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. ఆ తెరను చూపించమని మర్యాదగా అడగండి. పసుపు ఆక్సైడ్, ఎరుపు ఆక్సైడ్, నలుపు, తెలుపు ఇంతే ఉంటే ధైర్యంగా తీసుకోవచ్చు. ఆక్సైడ్ అని లేకుండా వట్టి పసుపు, వట్టి ఎరుపు అని ఉంటే అది బయటి గోడలకు తగిన కలరెంటేనా అని అడగాలి. దుకాణదారుకు తెలియకపోతే కంపెనీ ప్రతినిధి ద్వారా ఆ కలరెంట్ సాంకేతిక పత్రం తెప్పించుకోవచ్చు. పిగ్మెంట్లకు ప్రపంచమంతటా ఒకే రకమైన సంకేతాలు ఉన్నాయి కనుక ఆ కాగితం చదవడం సులువు. ఎరుపు ఐరన్ ఆక్సైడ్ పీఆర్ 101, పసుపు ఐరన్ ఆక్సైడ్ పీవై 42, థాలో నీలం పీబీ 15, థాలో ఆకుపచ్చ పీజీ 7, క్రోమియం ఆక్సైడ్ పీజీ 17. మెరిసే పసుపే కావాలనుకునే వారు పీవై 184 అనే బిస్మత్ వెనడేట్ ఉందేమో అడగవచ్చు. అది ఖనిజ జాతి పసుపు, ధర ఎక్కువ, నిలకడ కూడా ఎక్కువే. పీవై 74 అనేది ఏజో పసుపు. లేత షేడ్లలో దాన్ని బయట వాడకపోవడమే మేలు. ఆ పత్రంలో ఎండకు నిలిచే శక్తిని 1 నుంచి 8 వరకు అంకెలతో కొలుస్తారు, 8 అన్నిటికన్నా మేలు. బయటి గోడకు 7 గానీ 8 గానీ ఉండాలి. ఆ అంకె ముదురు ఛాయకు ఇచ్చిందా, లేత ఛాయకు ఇచ్చిందా అన్నదీ చూసుకోవాలి, ఎందుకంటే అదే పిగ్మెంట్ ముదురుగా ఉన్నప్పుడు 8 తెచ్చుకుని, తెలుపులో చిటికెడు కలిపినప్పుడు 6కు పడిపోవచ్చు.

ఈ చివరి మాట చాలామంది అనుకునే దానికి విరుద్ధంగా ఉంటుంది. లేత రంగులు వెలవవు అనుకుంటాం. నిజానికి లేత షేడ్‌లో పిగ్మెంట్ కణాలు తక్కువ, ప్రతి కణానికీ ఎండ నేరుగా తగులుతుంది. ముదురు షేడ్‌లో పై పొర పోయినా కింది పొర ఉంటుంది. కాబట్టి లేత గులాబీ, లేత ఊదా, లేత నిమ్మ ఛాయలు త్వరగా తెల్లబడతాయి. లేత గంధం, లేత ఇసుక రంగు, ఐవరీ మాత్రం ఆక్సైడ్‌తో తయారయ్యేవి కనుక నిలుస్తాయి. లేతదా ముదురుదా అన్న ప్రశ్నకన్నా దేనితో చేసిందన్న ప్రశ్నే ముందు అడగవలసింది.

ఏ దిక్కు గోడకు ఎంత ముదురు

మరి ముదురు ఆక్సైడ్ షేడ్‌తో ఇల్లంతా వేయించవచ్చా అంటే, అక్కడ ఎండ వేడి అడ్డు వస్తుంది. ముదురు గోడ వేడిని పీల్చుకుంటుంది, పగలు సాగి రాత్రి ముడుచుకుంటుంది, ప్లాస్టరింగ్‌లో వెంట్రుకవాసి పగుళ్లు తేలుతాయి, గది లోపల ఉక్క పెరుగుతుంది. ఒక రంగు ఎంత వెలుతురును తిప్పికొడుతుందో చెప్పే కొలతను ఎల్‌ఆర్‌వీ అంటారు. కటిక నలుపుకు 0, అచ్చ తెలుపుకు 100. చాలా షేడ్ల వివరాల్లో ఈ అంకె దొరుకుతుంది. పడమర, దక్షిణం గోడలకు ఎల్‌ఆర్‌వీ 45కు తగ్గకుండా చూసుకోవాలన్నది నేను పెట్టుకున్న హద్దు. ముదురు ఇటుక రంగుపై మనసు ఉంటే ఉత్తరపు గోడకో, సజ్జా నీడ పడే భాగానికో, పోర్టికో స్తంభాలకో దాన్ని ఉంచుకోవచ్చు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. హైదరాబాదు అక్షాంశంలో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మాత్రమే మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వెళతాడు. కాబట్టి ఉత్తరపు గోడ సుఖంగా ఉంటుంది, దక్షిణపు గోడకు చలికాలమంతా ఎండ తగులుతుంది. తూర్పుకూ పడమరకూ ఎండ గంటలు సమానమే అయినా, పడమటి గోడకు ఎండ తగిలే వేళకు గాలీ గోడా అప్పటికే కాగి ఉంటాయి. పైగా నైరుతి వానలు కూడా ఎక్కువగా ఆ వైపు నుంచే కొడతాయి. అందుకే ఇంట్లో ఏ గోడ ముందు వెలుస్తుందని అడిగితే దాదాపు అందరూ పడమటిదే చూపిస్తారు. షేడ్ నిర్ణయించడానికి ఆ గోడనే ప్రమాణంగా పెట్టుకోవాలి. అక్కడ నిలిచేది ఎక్కడైనా నిలుస్తుంది.

ఊరిని బట్టి కూడా ఆలోచన మారాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలి, తేమ, పాచి అసలు శత్రువులు. అక్కడ తెల్ల గోడ మీద నల్లటి చారలు రెండు వానాకాలాల్లోనే కనిపిస్తాయి కనుక పాచిని తట్టుకునే ఎమల్షన్, అంటే నీటితో కలిపే పెయింట్, అందులోనూ బూడిద గానీ ఇసుక గానీ కలిసిన ఛాయ మేలు. ఎర్రమట్టి నేలలున్న చోట వాన చినుకులు చిందించిన మట్టితో గోడ కింది భాగం రెండు అడుగుల ఎత్తు వరకు ఎర్రబారుతుంది. పాతకాలంలో గోడ అడుగున జేగురు పట్టీ వేయడంలో అందంతో పాటు ఈ ప్రయోజనమూ ఉంది. నేటి ఇంటికీ అడుగున రెండు మూడు అడుగుల ఇటుక రంగు పట్టీ వేయిస్తే గోడ ఎప్పుడూ శుభ్రంగా కనిపిస్తుంది.

ఇంట్లో పెద్దలు వాస్తు ప్రకారం ఫలానా రంగే కావాలంటే దాని గురించి వాదన అక్కరలేదు. పసుపు అంటే నిమ్మ పసుపే కానవసరం లేదు, గంధం పసుపు కూడా పసుపే. ఎరుపుకు కావి ఎరుపు, ఆకుపచ్చకు ఆలివ్ ఛాయ, నీలానికి థాలోతో చేసిన బూడిద నీలం ఎంచుకుంటే వారి మాటా నిలుస్తుంది, రంగూ నిలుస్తుంది.

కొనే ముందు గోడ మీద, డాబా మీద పరీక్ష

షేడ్ కార్డు మీద రెండంగుళాల ముక్కను ట్యూబ్‌లైటు కింద చూసి నిర్ణయించిన రంగు, ఎండలో ఇరవై అడుగుల గోడ మీద కార్డులో కన్నా లేతగా, మరింత మెరుపుగా కనిపిస్తుంది. కాబట్టి మెరిసే రంగు కోసం వెతికే అవసరమే లేదు. కాస్త మట్టి ఛాయ ఉన్న రంగు ఎండలో సరిగ్గా మనం అనుకున్నట్టు తేలుతుంది. మూడు షేడ్లకు మించకుండా ఎంపిక చేసుకుని, ఒక్కో లీటరు తెచ్చి, పడమటి గోడ మీద మూడడుగుల చదరంలో ప్రైమర్‌తో సహా రెండు కోట్లు వేసి, ఉదయం, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, వాన పడ్డాక చూడాలి. వీధి అవతల నుంచి చూడడం ముఖ్యం.

సమయం ఉన్నవారికి ఇంకో పరీక్ష ఉంది. ఫిబ్రవరిలో అడుగు చదరపు సిమెంటు రేకు ముక్కలు తీసుకుని, ఒక్కో దాని మీద ఒక్కో షేడ్ రెండు కోట్లు వేసి, ఆరాక సగభాగాన్ని అట్టముక్క, దాని మీద అల్యూమినియం రేకు చుట్టి గట్టిగా కట్టేయండి. వాటిని డాబా మీద దక్షిణానికి వాల్చి మే నెలాఖరు వరకు ఉంచండి. విప్పినప్పుడు రెండు సగాల మధ్య గీత కనిపిస్తే ఆ షేడ్‌ను వదిలేయాలి. నేను నాలుగు ముక్కలు పెట్టాను. గంధం రంగు, ఇటుక రంగు ముక్కల మీద గీత ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. నారింజ ముక్క మీద ఆ గీత దూరం నుంచే కనిపించింది. ఒక్క ఎండాకాలం తట్టుకున్నంత మాత్రాన ఏడేళ్లు నిలుస్తుందని చెప్పలేం, కానీ ఒక్క ఎండాకాలానికే ఓడిపోయే దాన్ని తప్పించడానికి ఈ పరీక్ష చాలు.

వీధిలో అయిదారేళ్ల కిందట రంగు వేసిన ఇళ్లు కూడా మంచి నమూనాలే. సజ్జా కింద నీడలో ఉన్న రంగును, పక్కనే ఎండలో ఉన్న రంగును పోల్చి చూడండి. ఇంటివారిని అడిగితే షేడ్ పేరు సంతోషంగా చెబుతారు.

రంగు కింద గోడ

సరైన పిగ్మెంట్ ఎంచుకున్నా కొత్త ప్లాస్టరింగ్ మీద తొందరపడి వేస్తే పోతుంది. దీనికీ పసుపే ఉదాహరణ. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది. క్షారం తగిలితే కొన్ని రంగుల స్వభావమే మారిపోతుందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. కొత్త సిమెంటు గోడలో క్షారం బాగా ఎక్కువ, దాన్ని కొలిచే పీహెచ్ అంకె 12 దాటి ఉంటుంది. నీళ్లు కొట్టి క్యూరింగ్ ముగిశాక కనీసం 28 రోజులు ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకునే ఎక్స్‌టీరియర్ ప్రైమర్ వేశాకే రంగు వేయాలి. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని ఈ గడువును తగ్గించడమే చాలా ఇళ్లలో మచ్చలకు మూలం. అంతగా తప్పకపోతే ముహూర్తానికి తెల్ల ప్రైమర్‌తో ఆపి, రంగును రెండు మూడు నెలల తరువాత వేయించుకోవచ్చు. ప్రైమర్ తెలుపులో కూడా ఇల్లు కళగానే ఉంటుంది. పాత గోడ అయితే పొడి రాలడం ఆగే వరకు తీగ బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆరబెట్టాలి. లప్పం పెట్టాలంటే తెల్ల సిమెంటుతో చేసినదే బయట వాడాలి.

పెయింట్ రకం విషయంలో, పూర్తి అక్రిలిక్ బైండర్ ఉన్న ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌కు ఎండను తట్టుకునే శక్తి ఎక్కువ. చవక రకాల్లో జిగురు తక్కువ, సుద్ద లాంటి నింపుడు పొడి ఎక్కువ. అవే ముందుగా పొడి రాలుతాయి. లోపలి గోడల ఎమల్షన్‌ను బయట వాడకూడదు. వారంటీ కాగితంలో ఏళ్ల సంఖ్య ఒక్కటే చూడకుండా, రంగు వెలవడం అందులో ఉందా, ఏ షేడ్లకు ఉంది అన్నది చదవాలి.

పెయింటర్ పని చేసేటప్పుడు రెండు విషయాల్లో గట్టిగా ఉండాలి. నీళ్లు డబ్బా మీద రాసిన కొలత మేరకే, కొలపాత్రతో కలపాలి; ఎక్కువ నీళ్లు పోస్తే జిగురు పలచబడి, ఎంత మంచి పెయింట్ అయినా చవక రకంతో సమానమవుతుంది. చిన్న సీసాల్లో దొరికే స్టెయినర్‌ను చేత్తో కలిపి షేడ్ తయారు చేస్తానంటే బయటి గోడకు ఒప్పుకోకూడదు. ఏ పిగ్మెంటో తెలియదు, రెండో బకెట్ మొదటి దానితో కలవదు. యంత్రం మీద కలిపిన బకెట్లను కూడా ఒక గోడకు సరిపడా ఒకే డ్రమ్ములో పోసి కలుపుకుంటే అతుకులు కనిపించవు. పెయింటర్ నీడ వెంట నడవాలి, అంటే ఉదయం పడమటి గోడ, మధ్యాహ్నం తరువాత తూర్పు గోడ వేయాలి. కాగుతున్న గోడ మీద పెయింట్ సరిగా పొర కట్టకముందే ఎండిపోతుంది. తెలంగాణలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఈశాన్య వానలు పడే కోస్తాలో సంక్రాంతి తరువాత మార్చి వరకు ఈ పనికి అనువైన కాలం.

పని ముగిశాక షేడ్ కోడ్, బేస్ పేరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ ఒక కాగితం మీద రాసి మీటరు పెట్టె తలుపు లోపలివైపు అంటించండి. మిగిలిన లీటరు రంగును బిగుతైన డబ్బాలో నీడపట్టున దాచి ఉంచితే, తరువాత కిటికీ మార్చినప్పుడో పైపు వేసినప్పుడో పడే అతుకుకు అది పనికొస్తుంది.